మా లంక నుయ్యి

గోదావరిని ధవళేశ్వరం దగ్గర చూసినవాళ్ళు గోదావరిని చూశామని చెప్పుకుంటారు. చెప్పుకోదగిన దృశ్యమే, కాదనను. కాని ఆ నదికి రెండో ముఖం ఒకటుంది. అది చూడాలంటే వరద తీసిన వారం పదిరోజుల్లో కోనసీమలో ఏదో ఒక లంకలోకి దిగాలి. నేను దిగాను. సరదాకి కాదు. ఒక నూతిని పూడ్చడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టివద్దామని వెళ్ళాను.

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అంతకు మించిన వరద 1986 ఆగస్టులో వచ్చింది, అప్పుడు 75.6 అడుగులు. మా లంకవాళ్ళకి కాలం లెక్కపెట్టడానికి పంచాంగం అక్కరలేదు. ఎనభయ్యారుకి ముందు, ఎనభయ్యారు తరవాత అని రెండే యుగాలు. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, తోట కొన్న ఏడు, అన్నీ ఆ లెక్కలోనే చెబుతారు.

వరద తగ్గుముఖం పట్టాక అన్నయ్య, అంటే మా పెదనాన్నగారి అబ్బాయి, హైదరాబాదుకి ఫోను చేశాడు.

"ఇంట్లోకి నీళ్ళు రాలేదు గాని నుయ్యి ములిగిపోయిందిరా. ఇంక దాంతో మనకి పనేమిటి చెప్పు? తాగడానికి టిన్నులొస్తున్నాయి. వాడకానికి బోరుంది. పూడ్చేసి పైన తులసికోట కట్టిద్దామంటోంది మీ వదిన. నుయ్యి ఉమ్మడిది కనక నువ్వూ, చెల్లాయీ కూడా సంతకం పెట్టాలి. కాగితం రాయించి ఉంచాను. ఓసారి వచ్చిపో."

నాకు అభ్యంతరమేమీ తోచలేదు. ఆ నూతిమీద నాకేమంత ప్రేమ లేదు. ముప్ఫయ్యారేళ్ళుగా ఆ నీళ్ళు నేను నోట పోసుకోలేదు. కారణం తరవాత చెబుతాను.

రాజమహేంద్రవరంలో రైలు దిగి కారు మాట్లాడుకుని బ్యారేజి మీదుగా బయలుదేరాను. కాటన్ దొరగారి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని చిన్నప్పుడు బళ్ళో వల్లించాం. ఇప్పుడున్నది దాని తరవాత కట్టిన బ్యారేజి. దానిమీద నిలబడి చూస్తే ఎర్రటి నీరు, ఆ నీటిమీద కొట్టుకుపోతున్న అరటిచెట్లు, ఎవరి ఇంటి చూరో తాటాకులు. ఎర్రగోదారి అంటే ఇదీ. చెంబుతో ముంచితే చెంబు అడుగు కనిపించదు.

దారిలో ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు కట్టించాను. కోనసీమవాళ్ళకి పూతరేకులు పట్టుకుపోవడం కొబ్బరితోటకి కొబ్బరికాయ మోసుకుపోవడమేనని తెలుసు. అయినా వట్టిచేతులతో వెళితే వదిన ఊరుకోదు. రావులపాలెం దాటి పి.గన్నవరం చేరేసరికి మధ్యాహ్నమయింది.

మీరెప్పుడైనా పి.గన్నవరం వెళ్ళారా? వెళితే అక్కడి అక్విడక్టు దగ్గర ఒక్క పావుగంట ఆగండి. కింద వైనతేయ గోదావరి. పైన, ఆ నది నెత్తిమీదుగా, పొలాలకి పోయే కాలువ. నీటిమీద నీరు. 2000 సంవత్సరంలో వచ్చిన కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వచ్చేపోయే బాటసారులకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. ఆ దాటే నీటికి తగిన పేరే. నేనక్కడ చాలాసేపు నిలబడ్డాను. కింద నీరు ఎంత పొంగినా పై నీటిలో కలవకూడదు. పైది కిందికి కారకూడదు. అంత కట్టడమూ ఆ ఒక్క పనికోసం. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. మళ్ళీ దీంతో పనిపడుతుంది.

లంకలోకి పడవమీద వెళ్ళాలి. సరంగు నా సంచీ అందుకుంటూ, "ఆయ్, రండి బాబూ, కాలు జాగ్రత్తండి, అంతా ఒండ్రండి," అన్నాడు. ఏటిగట్టు దిగిన దగ్గర్నుంచీ ఒకటే వాసన. కుళ్ళిన అరటితోట వాసన. కొబ్బరిచెట్లన్నిటికీ ఒకే ఎత్తున, తాడు పట్టి గీసినట్టు బురదగీత. ఆ గీత కింద అంతా నది వచ్చి వెళ్ళిన చోటు. పై ఆకులు మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా ఊగుతున్నాయి.

"తాగడానికి నీళ్ళెలాగయ్యా మీకు?" అని అడిగాను.

"పడవలమీద పేకెట్లు తెచ్చిచ్చారండి. చుట్టూ నీళ్ళేనండి బాబూ, నోట్లో పోసుకోడానికి చుక్క లేదండి," అన్నాడు తెడ్డు వేస్తూ. నవ్వుతూనే అన్నాడు.

ఇంటికి చేరగానే వదిన కాళ్ళకి నీళ్ళిచ్చింది. అవి బోరు నీళ్ళు. తాగడానికి మాత్రం వసారాలో నీలంరంగు టిన్ను, ఇరవై లీటర్లది. టిన్నుకి పెట్టే కుళాయి విరిగిపోయిందట. అందుకని ఆ నీళ్ళు స్టీలు బిందెలోకి ఒంపి, పైన పళ్ళెం మూతపెట్టారు. నేను కూర్చుని చూస్తూండగానే అన్నయ్య మనవడు, నాలుగేళ్ళవాడు, బురదలో ఆడి ఆడి వచ్చి, పళ్ళెం తీసి, గ్లాసుతోబాటు మోచేతిదాకా బిందెలో ముంచి, గటగటా తాగి, మిగిలినవి మళ్ళీ బిందెలోనే పోసి వెళ్ళిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. పాపం, వాళ్ళకి అది కనిపించనైనా లేదు. టిన్ను నీళ్ళు గదా, మంచి నీళ్ళు!

నాకు మాత్రం మామ్మ జ్ఞాపకం వచ్చింది.

ఎనభయ్యారు వరదప్పుడు నాకు పదకొండేళ్ళు, చెల్లాయికి ఆరు. సెలవులకి కాదు, అప్పుడు మేమంతా ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళం. ఇల్లు నాలుగడుగుల అరుగుమీద కట్టింది. నూతిగట్టు రెండున్నర అడుగులు. ఏరు నూతిగట్టు దాటి, అరుగెక్కి, వసారాలో అర అడుగు నిలబడింది. మూడు రోజులు అటకమీద కాపురం. నీరు తీశాక మామ్మ వసారా స్తంభంమీద కత్తిపీటతో గాటు పెట్టింది. ఆ గాటు ఇప్పటికీ ఉంది.

మా నుయ్యంటే మామ్మకి ప్రాణం. చుట్టుపక్కల అన్ని నూతుల్లోనూ ఉప్పదనం తగిలినా, మా నూతి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉండేవి. పప్పు తొందరగా ఉడికేది. పొరుగిళ్ళవాళ్ళు కడవలతో వచ్చి తోడుకునేవారు. వైశాఖంలో నీరు అట్టడుగుకి దిగినప్పుడు మామ్మ దగ్గరుండి పూడిక తీయించేది. చేద ఎప్పుడూ నేలమీద పెట్టనిచ్చేది కాదు, గిలక పక్కన కొక్కేనికి తగిలించవలసిందే. తాగే నీళ్ళకి వంటింట్లో ఇసుక తిన్నెమీద కుండ. కుండ మూతికి పాత నూలుచీర మడతలు కట్టి వడగట్టేది. వేసవిలో కుండలో వట్టివేళ్ళ చుట్ట. ఇంత మడీ ఇంత శుభ్రం.

వరదనీరు కలిసిన నూతిలోంచి ఆవిడ ఎర్రటి నీళ్ళు తోడించింది. వాటికేం చేయాలో గోదావరి ఒడ్డున పుట్టిన ఆడదానికి ఒకరు చెప్పాలా? చిల్లగింజ తీసింది. కొన్నిచోట్ల ఇండుపగింజ అంటారు, సంస్కృతంలో కతకం. మనుస్మృతి నాటికే మనవాళ్ళకి దీని సంగతి తెలుసు. గింజని తడిపి సానరాయిమీద అరగదీసి, ఆ గంధం కుండలో కలియబెట్టి, రాత్రంతా కదపకుండా వదిలేసింది. తెల్లవారేసరికి బురదంతా అడుక్కి దిగి, పైన నీళ్ళు అద్దంలా తేరాయి. "చూశారా నా నూతినీళ్ళు!" అని మురిసిపోతూ అందరికీ తలో చెంబూ ఇచ్చింది. మేమందరం తాగాం.

రెండోరోజు రాత్రి చెల్లాయికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లవారేసరికి పిల్ల కళ్ళు గుంటలు పడిపోయాయి. ఏడ్చినా కన్నీళ్ళు రాలేదు. పొట్టమీద చర్మం పట్టి లాగితే లాగినట్టే నిలబడింది. ఏరు ఇంకా ఉరవడిగా ఉంది, పడవ దాటదు. మా ఊళ్ళో వైద్యశిబిరం పెట్టిన బృందంలో ఒక నర్సమ్మ ఉందని ఎవరో చెబితే నాన్నగారు మొలలోతు నీళ్ళలో వెళ్ళి తీసుకువచ్చారు.

ఆవిడ సూదిమందు తీయలేదు. "ముందు పొయ్యి వెలిగించండి," అంది. అదే నూతినీళ్ళు తెర్లా కాచి చల్లార్చమంది. లీటరు నీళ్ళకి చిన్నచెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. నాలికమీద వేసి చూస్తే కన్నీళ్ళకంటె ఉప్పగా ఉండకూడదంది. ఒక్కసారి తాగించవద్దు, నిమిషానికో చెంచా పోస్తూ ఉండమంది. వాంతి చేసుకుంటే పదినిమిషాలాగి మళ్ళీ పొయ్యమంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాల్లో కలరా వచ్చిన వేలమందిని డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ఉప్పు, గ్లూకోజు నీళ్ళతోనే బతికించారని నేను పెద్దవాణ్ణయ్యాక చదివాను. ఆ రాత్రికి మాత్రం మాకు తెలిసింది ఒక చెంచా, ఒక గిన్నె, గోడగడియారం. మామ్మ రెప్పవాల్చకుండా పోసింది. తెల్లవారుజామున చెల్లాయి మూత్రం పోసుకుంది. నర్సమ్మ మొహంలో అప్పుడు నవ్వు చూశాం. ఇంకో గంటకి పిల్ల "మామ్మా, ఆకలేస్తోంది" అంది.

మామ్మ గోడకి చేరబడి ఒకే ఒక్క మాట అంది: "తేట చూసి మోసపోయాను."

ఆ మాట నేను మరిచిపోలేదు. చిల్లగింజని తప్పుపట్టడానికి లేదు. దాని పని అది చేసింది. గింజలో ఉన్న మాంసకృత్తులూ, జిగురూ నీళ్ళలో తేలాడే మట్టిరేణువుల్ని ఒకదానికొకటి అంటిస్తాయి. అవి బరువెక్కి కిందికి దిగుతాయి. పటిక చేసే పనీ అదే. మట్టితోబాటు రోగక్రిములు కూడా చాలావరకు దిగుతాయి. చాలావరకు, అంతే. అన్నీ దిగవు. మిగిలినవి కంటికి కనిపించవు. తేట వేరు, శుద్ధి వేరు. తేటపడ్డ నీళ్ళని ఆ తరవాత కాచి తాగాలి. ఆ రెండో మెట్టు మామ్మకి ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాదినుంచి ఆవిడ పోయేదాకా ఆ ఇంట్లో కాచని నీళ్ళు ఎవరూ తాగలేదు. నేను మాత్రం పట్నం చదువుకి వెళ్ళిపోయి, ఆ నూతి జోలికే పోలేదు.

మర్నాడు ఉదయం చెల్లాయి అమలాపురంనుంచి వచ్చింది. అక్కడ పిల్లలకి సైన్సు చెబుతుంది. కాఫీలయ్యాక అన్నయ్య కాగితం తీసి బల్లమీద పెట్టాడు. నేను కలం తీశాను. చెల్లాయి కాగితం చదివి, తలెత్తి, "ఎందుకన్నయ్యా పూడ్చడం?" అంది.

నేను తెల్లబోయాను. "నువ్వా ఆ మాట అడిగేది? నిన్ను చావుదాకా తీసుకెళ్ళిందే ఆ నుయ్యి!"

"నుయ్యి కాదన్నయ్యా, నూతిలోకి వచ్చిన ఏరు," అంది. "ఏరు రాకుండా చూడాలి గాని నుయ్యిని చంపేస్తే ఎలా? మొన్న కరెంటు ఎన్నాళ్ళు లేదు పెద్దన్నయ్యా?"

"ఆరు రోజులు."

"బోరు మోటారు ఆడిందా?"

అన్నయ్య మాట్లాడలేదు.

"టిన్నుల పడవ వచ్చిందా?"

వదిన అందుకుంది: "మూడోరోజుకే అయిపోయాయమ్మా. వాననీళ్ళు చూరుకింద గంగాళం పెట్టి పట్టుకున్నాం."

"అదే చెబుతున్నాను. కరెంటు లేకపోయినా, పడవ రాకపోయినా తాడూ చేదా ఉంటే నీళ్ళిచ్చేది ఇదొక్కటే. పైగా మనకి సముద్రం దగ్గర. బోర్లు లాగేకొద్దీ ఉప్పు పైకి వస్తుంది. తియ్యటి నుయ్యి పూడ్చుకుంటే మళ్ళీ దొరకదు. పోనీ పూడ్చేశారే అనుకో, ఆ బిందె సంగతేమిటి?" అని వసారాలోకి చూపించింది. అన్నయ్య మనవడు సరిగ్గా అప్పుడే మోచేతిదాకా చెయ్యి ముంచుతున్నాడు!

అందరం నవ్వాం. కాని నవ్వు తరవాత కాసేపు ఎవరికీ మాట రాలేదు. నేను కలం మూసేశాను.

ఆ సాయంత్రమే నూతుల పనిచేసే ముసలాయన్ని పిలిపించారు. అన్నయ్య కొడుకు ఆయిలింజను తెప్పించి గంటలో నుయ్యి ఖాళీ చేయించేద్దామని హుషారుపడ్డాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు బాబూ. నేలంతా నానిపోయుంది. లోపలి నీళ్ళు ఒక్కసారి లాగేస్తే చుట్టూ ఉన్న నీటిబరువుకి వరలు లోపలికొచ్చేత్తాయి. రోజుకి కాస్తా తోడుకుందాం. ఏరు ఇంకొంచెం తియ్యనివ్వండి."

ఇంజను నూతిలోకి దింపకూడదని కూడా చెప్పాడు. దాని పొగ మనిషిని చప్పుడు లేకుండా చంపేస్తుంది. మనిషి దిగేముందు లాంతరు దించి చూశాడు. లోపల చెడ్డగాలి ఉంటే దీపం కొండెక్కుతుంది. అయితే దీపం వెలిగింది గదా అని ధైర్యపడకూడదట. దానికి అంతుపట్టని విషపుగాలులు కూడా ఉంటాయి. దిగిన కొడుకు నడుముకి తాడు కట్టి, పైన ఇద్దరు మనుషుల్ని నిలబెట్టాడు. లోపల తల తిరిగిందంటే లాగేయడమేగాని, కాపాడబోయి ఇంకొకడు దిగకూడదని మరీమరీ చెప్పాడు. అలా వెనక దిగినవాళ్ళే ఎక్కువమంది పోతారట.

నాలుగురోజులు పట్టింది. ఒండ్రు తట్టలకొద్దీ వచ్చింది. అందులో ఒక చెప్పు, రెండు కొబ్బరిచిప్పలు, ఒక చచ్చిన కప్ప. మొదటిరోజే ఆ నీళ్ళు చిల్లగింజతో తేర్చి చూపిస్తే ఇవేవీ కనిపించేవా? లోపలి గోడలు బ్లీచింగుపౌడరు నీళ్ళతో తోమించాం.

తరవాత లెక్క. నుయ్యి వెడల్పు మీటరున్నర. ఊరిన నీరు మూడు మీటర్ల లోతు. చెల్లాయి అన్నయ్య రాయించిన కాగితాన్నే తిరగేసి, వెనకవైపు గుణించింది. వెడల్పుని వెడల్పుతో పెట్టి, లోతుతో పెట్టి, 3.14తో పెట్టి, నాలుగుతో భాగిస్తే ఘనపు మీటర్లు. వెయ్యితో పెడితే లీటర్లు. సుమారు 5300 లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకి మంచి బ్లీచింగుపౌడరు రెండున్నర గ్రాములు చాలు. అంటే మా నూతికి 13 గ్రాములు, గుప్పెడైనా కాదు. కాని ఏరు ములిగిన నూతికి ఆ మోతాదు ఎటూ చాలదు. మొదటిసారికి కిలోకి కొంచెం తక్కువ పట్టింది. అది వేసి, రాత్రంతా ఉంచి, మర్నాడు ఘాటు పోయేదాకా తోడి దూరంగా పారబోశాం. మళ్ళీ ఊరిన నీటికి మామూలు మోతాదు.

పొడి తిన్నగా నూతిలో చల్లేయడం చాలామంది చేసే పొరపాటు. బకెట్లో ముందు ముద్దగా కలిపి, నీళ్ళు పోసి కలియబెట్టి, పదినిమిషాలు తేరనివ్వాలి. అడుగున దిగిన సున్నం పారబోసి, పై తేట మాత్రం చేదలో పోసి నీటి అడుగుదాకా దించి, పైకీ కిందికీ ఆడించాలి. ఇది రాత్రి, తోడకాలు అయిపోయాక చేస్తే మంచిది. కనీసం గంటయినా ముట్టుకోకూడదు. తాజా పొడిలో మూడోవంతు క్లోరినుంటుంది. మూత తీసి మూల పడేసిన సంచీలో అది ఎగిరిపోయి సున్నపుపొడి మిగులుతుంది. మా ఊరి ఆశా కార్యకర్త వచ్చి చిన్న గొట్టంలో నీళ్ళు పట్టి మందుచుక్క వేస్తే పసుపురంగు తిరిగింది. ఇంకా క్లోరిను మిగిలి కాపలా కాస్తోందన్నమాట. క్రిముల పరీక్షకి విడిగా ఒక సీసా పంపాం.

నూతిగట్టు ఎంత ఎత్తు పెంచాలని అన్నయ్య అడిగాడు. చెల్లాయి మాట్లాడకుండా వసారాలోకి వెళ్ళి స్తంభంమీద మామ్మ పెట్టిన గాటుమీద వేలుంచింది. అంతకి పైన ఇంకో అడుగు. ఒక్క గట్టే అంత పెంచితే తోడడానికి చేతులందవు. అందుకని చుట్టూ చపటానే మూడడుగులు ఎత్తు చేసి, మెట్లు కట్టి, దానిమీద గట్టు కట్టించాలని తేల్చారు. చపటా బయటికి వాలుగా ఉండాలి. పడ్డ నీరు కాలవలో పడి దూరంగా పోవాలి. పైవరల సందులు సిమెంటుతో పూడ్చాలి. పైన ఇనుపచట్రంతో మూత. మరుగుదొడ్డి యాభై అడుగులకి లోపల ఉండకూడదు. మాది అరవైకి పైనే ఉంది. ఇవన్నీ అయినా, ఏరు చుట్టుముట్టిన ఏడాది నూతిని మళ్ళీ శుద్ధి చేసుకోవలసిందే. నేల లోపలినుంచి వచ్చే ఊటకి గట్టు అడ్డం రాదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. చెల్లాయి వంటింట్లోకి నడిచింది. నుయ్యి ఎంత శుభ్రమైనా చివరి గజందూరంలో పాడవుతుందని దాని సిద్ధాంతం. మామ్మ చీర మడతల్ని మాత్రం అది మెచ్చుకుంది. బంగ్లాదేశ్‌లో పాత నూలుచీర నాలుగు మడతలు పెట్టి నీళ్ళు వడగట్టిన ఊళ్ళలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రచురించారట. కొత్త బట్టకంటె ఉతికి ఉతికి నలిగిన బట్టే మేలు; పోగులు మెత్తబడి సందులు చిన్నవవుతాయి. సగం తగ్గింది, పూర్తిగా కాదు. అందుకని వడగట్టాక బుడగలొచ్చి తెర్లేదాకా కాచి, ఆ తరవాత ఇంకో నిమిషం ఉంచాలి. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చాలి.

రాగిబిందెలో రాత్రంతా నిలవపెడితే విరేచనాల క్రిములు చాలావరకు చస్తాయని ప్రయోగశాలల్లో చూశారు. అయితే బిందె లోపల చింతపండుతో తళతళా తోమి ఉండాలి. చిలుం పట్టినది పనికిరాదు. మజ్జిగ, పులుసు అందులో పోయనే కూడదు. వేసవిలో చల్లదనానికి మట్టికుండే మంచిది. వారానికోసారి ఖాళీ చేసి ఎండబెట్టాలి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పింది. కాచితే క్రిములు చస్తాయి గాని, నీళ్ళలో కరిగిన లవణాలు పోవు. ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతాల్లో, అప్పట్లో అది నెల్లూరు జిల్లా, ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోతున్నాయని 1937లోనే డాక్టర్లు రాశారు. అలాంటి నీటిని ఎంత కాస్తే అంత చిక్కబడుతుందే తప్ప బాగుపడదు. నీటి జబ్బు ఏదో తెలుసుకుని మందు వేయాలి.

చివరికి అది వదిన చేతిలో ఒక పొడుగుకాడ గరిటె పెట్టింది. బిందె పక్కన మేకు కొట్టించి దానికి తగిలించింది. "వదినా, ఈ ఇంట్లో నీళ్ళలోకి దిగవలసింది ఇదొక్కటే. చెయ్యి దిగకూడదు, గ్లాసు దిగకూడదు." నాకు గన్నవరంలో చూసిన కాలువ కళ్ళముందు ఆడింది. అంత పెద్ద కట్టడమూ, ఇంత చిన్న గరిటే చేసే పని ఒకటే. ఈ నీరు ఆ నీటిలో కలవకుండా చూడడం.

నేను బయలుదేరిన రోజు పడవకి వేళవుతోంది. కొత్త చపటాకి ఇటుకలు దిగుతున్నాయి. పూడ్చడానికి రాయించిన కాగితాన్ని వదిన తిరగేసి, లెక్క పైకి కనిపించేలా అలమార తలుపు లోపల అంటించింది. వెడల్పు, లోతు, 13 గ్రాములు. సంతకాల చోటు లోపలికి పోయింది.

అన్నయ్య మనవడు మడత ముక్కాలిపీట ఎక్కి, నాలిక బయటపెట్టి, గరిటెతో ఎంతో జాగ్రత్తగా గ్లాసులో నీళ్ళు పోశాడు. సగం నేలమీద పడ్డాయి. "తాతయ్యా, కాచినవే," అని అందించాడు.

పరీక్షకి పంపిన సీసా ఫలితం ఇంకా రాలేదు కనక అందరం కాచినవే తాగుతున్నాం. నూతినీళ్ళే. చెల్లాయి గుమ్మంలో నిలబడి నాకేసి చూస్తోంది.

ముప్ఫయ్యారేళ్ళ తరవాత తాగాను. నిజంగానే కొబ్బరినీళ్ళలా ఉన్నాయి.